మూడు తలల కుక్క - అయిదు నిమిషాల గడువు

మొన్నామధ్య ఒక రాత్రి ఆఫీసులో కొత్త సర్వర్‌లోకి ఎవరూ లాగిన్ కాలేకపోయారు. పాస్‌వర్డ్ కరెక్టే, నెట్‌వర్క్ బాగానే ఉంది. రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్నాక తేలిందేమిటయ్యా అంటే, ఆ మెషీన్ గడియారం ఏడు నిమిషాలు వెనక్కుంది! గడియారానికీ లాగిన్‌కీ ఏంటండీ సంబంధం అన్నాడు మా జూనియర్. జవాబు చెప్పాలంటే 1983కి వెళ్ళాలి.

ఆ ఏడాది అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్ళు డెక్, ఐబీఎం కంపెనీల సాయంతో ప్రాజెక్ట్ అథీనా మొదలెట్టారు. క్యాంపస్ నిండా వర్క్‌స్టేషన్లు, ఏ విద్యార్థి ఎక్కడైనా కూర్చుని పని చేసుకోవచ్చు. మరి పాస్‌వర్డ్ వైరు మీద వెళ్తుంటే మధ్యలో ఎవడో కొట్టేస్తే? అందుకని పుట్టిందే కెర్బరోస్. గ్రీకు పురాణాల్లో పాతాళ ద్వారం కాచే మూడు తలల కుక్క పేరది. ఇందులో పాస్‌వర్డ్ నెట్‌వర్క్ ఎక్కదు. ఒక సర్వర్ టికెట్ ఇస్తుంది, అది చూపించి మిగతా సర్వర్లలోకి వెళ్ళాలి. సినిమా హాలు కౌంటర్ లాగన్నమాట.

టికెట్‌తో పాటు టైము వేసిన చీటీ ఒకటి పంపాలి. పాత చీటీని ఎవరూ మళ్ళీ వాడకుండా ఆ ఏర్పాటు. మామూలుగా తేడా అయిదు నిమిషాలు దాటితే తలుపు తియ్యదు. మా రెండు గంటలు పోయింది ఇక్కడే.

1990లో బెలోవిన్, మెరిట్ అనే ఇద్దరు దీని లోపాలన్నీ ఏకరువు పెట్టారు. ఆ అయిదు నిమిషాల్లోపే చీటీని మళ్ళీ పంపితే? అసలు గడియారాన్నే మోసం చేస్తే? ఎవరి పేరు మీద అడిగినా వాళ్ళ పాస్‌వర్డ్‌తో తాళం వేసిన జవాబు ఇచ్చేస్తోంది కదా, దాన్ని తీరిగ్గా కూర్చుని పగలగొడితే? వీటికి మందులు దొరికాయి. వచ్చిన చీటీలు గుర్తుపెట్టుకునే కాష్, గడియారాలు కలపడానికి ఎన్‌టీపీ, ముందే పాస్‌వర్డ్ తెలుసని నిరూపించుకునే ప్రీ-ఆథెంటికేషన్. 1993లో వెర్షన్ 5 ప్రమాణం వచ్చింది. డీసీఈ సెక్యూరిటీకీ, ఆ తర్వాత విండోస్ 2000కీ అదే పునాది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అసలు దెబ్బ ఆ లిస్టులో లేని చోట తగిలింది. 1996లో పర్‌డ్యూ యూనివర్సిటీ వాళ్ళు బయటపెట్టారు - వెర్షన్ 4 తయారుచేసే "రహస్య" తాళంచెవుల్ని సెకన్లలో ఊహించొచ్చని! టైము, ప్రాసెస్ నంబరు లాంటి సులువుగా అంచనా వెయ్యగలిగే వాటితో ర్యాండమ్ నంబర్లు పుట్టించడమే కారణం. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులోనే ఉంది. అయినా ఆ తప్పు సుమారు పదేళ్ళు అలాగే ఉండిపోయింది.

ఎందుకంటారు? రాజుగారు తలా ఒక చెంబు పాలు పొయ్యమంటే, మిగతావాళ్ళు పాలే పోస్తార్లే అని అందరూ నీళ్ళు పోసిన కథ మనకి తెలిసిందే. ఓపెన్ సోర్స్ కదా, ఎవరో ఒకరు చూసే ఉంటారని అందరూ అనుకున్నారు.

తెలిసిన లోపం తిప్పలు పెడుతుంది గానీ ముంచదు. మా ఏడు నిమిషాల్లాగా ఎర్రర్ ఇచ్చి మరీ చెప్తుంది. మౌనంగా పనిచేసేసే తప్పుతోనే ప్రమాదం. కాబట్టి ఈసారి కోడ్ రివ్యూలో "బాగుంది" అని కొట్టేముందు ఒక్కసారి ఆలోచించండి. మీరు పోసేది పాలా, నీళ్ళా?