జేజినాయన పేరు ఏ గడిలో ఉంది?
రాయచోటి సీమలో దళిత కుటుంబాల పూర్వీకుల జాడ

రాయచోటి చుట్టుపక్కల పెద్దరైతుల ఇండ్లలో అడిగితే ఐదారు తరాల పేర్లు వరసబెట్టి చెప్తారు. వాళ్ళకు జ్ఞాపకశక్తి ఎక్కువై కాదు. వాళ్ళ వంశాన్ని గుర్తుపెట్టుకునే పని ఇతరులు చేసిపెట్టారు. పిచ్చిగుంట్లవాళ్ళు ఇంటి ముందర నిలబడి గోత్రమూ వంశమూ పాడారు. కరణం పట్టా లెక్క రాశాడు. అన్నదమ్ములు కొట్లాడుకుంటే కోర్టు కాగితాలు వంశవృక్షాన్ని భద్రం చేశాయి. అదే మాట మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో అడిగితే జేజినాయన దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ ముందరోళ్ళ పేర్లు ఎవురికి తెలుసు అంటారు.

దీన్ని చూపించే మనకు చరిత్ర లేదనేవాళ్ళు ఉన్నారు. మన పిల్లల్లో చదువుకున్నోళ్ళు కూడా ఆ మాట నమ్ముతున్నారు. మేము ఒప్పుకోవడం లేదు. మనోళ్ళ పేర్లు కాగితాల్లో ఉన్నాయి. కాకపోతే పట్టాదారు గడిలో లేవు. ఎక్కడ ఉన్నాయి, అక్కడికి ఎట్లా చేరాయి అనేది తెలిస్తే మన పూర్వీకుల జాడతో పాటు ఈ రాతల స్వభావం కూడా తెలుస్తుంది.

పన్ను కట్టినోడికే పేరు

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1807 దాకా థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా ఉండి పొలాలు కొలిపించి రైత్వారీకి పునాది వేశాడు. అప్పటి నుంచి ఈ తాలూకా ఊర్లకు వరసగా కాగితాలు ఉన్నాయి. 2022లో రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా ఏర్పడేదాకా ఇది కడప జిల్లాలోనిదే. కాబట్టి వెదికేవాళ్ళు కడప జిల్లా రికార్డుల్లోనే చూడాలి. పాత ఇంగ్లీషు కాగితాల్లో ఊర్ల పేర్ల స్పెల్లింగు మాటిమాటికీ మారుతుంది. రాయచోటి ఒకచోట ‘రాయచోటి’, ఇంకోచోట ‘రోయచోటి’. జనం నోట్లో రాచవీడు. కడప ఇంగ్లీషు స్పెల్లింగు కూడా 2005లో మారింది. ఒక్క స్పెల్లింగు పట్టుకుని కూర్చుంటే దారి తప్పుతాం.

రెవెన్యూ రికార్డు చరిత్ర కోసం రాసింది కాదు. శిస్తు ఎవరి దగ్గర వసూలు చెయ్యాలో తెలియడానికి రాసింది. పట్టా ఉన్నవాడు శిస్తు కడతాడు కాబట్టి వాడికి పేరు ఉంది. ఆ పొలంలో మడక దున్నిన జీతగానికి, కలుపు తీసిన ఆడమనిషికి, కపిలకు తోలుబాన కుట్టిన మాదిగకు అక్కడ గడి లేదు. సీమలో పట్టా ఉన్న మాల మాదిగ కుటుంబాలు లేకపోలేదు. కానీ ఎక్కువమంది పేర్లు పట్టాలో కాకుండా ఇంకోచోట దొరుకుతాయి.

కాలిన్ మెకంజీ సేకరించిన కైఫియత్తులూ అంతే. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను అచ్చువేసి మంచి పని చేసింది. అయితే వాటిలో మాట్లాడింది ఎక్కువగా కరణాలూ ఊరిపెద్దలూ. గుడి ఎవరు కట్టించారు, అగ్రహారం ఎవరికి ఇచ్చారు, ఏ దొర ఎప్పుడొచ్చాడు అనే సంగతులే ఎక్కువ. గుడికి రాళ్ళు మోసినోళ్ళ పేర్లు అడిగే అవసరం వాళ్ళకు రాలేదు.

వెట్టి మాన్యంలో మూడు తరాలు

మన పెద్దోళ్ళ పేర్లు మొట్టమొదట వెదకాల్సింది ఊరి సేవల లెక్కల్లో. వెట్టి, తలారి, నీరుగంటి పనులకు చిన్న చిన్న మాన్యాలు ఉండేవి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఈనాం కమిషన్ వేసింది. ఈనాం రిజిస్టర్లలో అనుభవిస్తున్నవాడి పేరు, వయసు, ఊరు, మొదట మాన్యం పొందినవాడితో చుట్టరికం రాసే గడులు ఉన్నాయి. మనోళ్ళ మాన్యం అందులోకి ఎక్కి ఉంటే ఒక్క వరసలో రెండు మూడు తరాలు దొరకొచ్చు.

1895లో మద్రాసు మూడో నంబరు చట్టం గ్రామోద్యోగాల వారసత్వానికి రూల్సు పెట్టింది. మునసబు, కరణాలతో పాటు వెట్టివాడూ అందులో ఉన్నాడు. మాన్యం అమ్మడానికి లేదు, పని మాత్రం తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. వారసుడు ఎవరనే తగాదా వస్తే కలెక్టరు ముందర దావా. అంటే వెట్టి చేసే హక్కు కోసం కూడా మనోడు ఫలానా వాని కొడుకునని రుజువు చేసుకోవాలి! ఊరి చాకిరిని పుట్టుకతో కట్టేసిన చట్టమే మన వంశాన్ని కాగితం మీద పెట్టింది. ఈ వారసత్వాన్ని 1960 డిసెంబరులో గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. పుట్టుకను బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగంలోని పదహారో అధికరణానికి విరుద్ధమని తేల్చింది. 1984లో కరణం, మునసబుల వ్యవస్థే పోయింది. అప్పటిదాకా ఊరి లెక్కలు చాలావరకు కరణం ఇంట్లోనే ఉండేవి. దళితుడు ఆ ఇంటి అరుగు ఎక్కితే కదా తన జేజినాయన పేరు చూసుకునేది!

రాత ఎట్లా ఉందో కూడా గమనించాలి. పెద్దరైతుకు ఇంటిపేరు, తండ్రిపేరు, చివర రెడ్డి. మనోడికి ముందర కులం, వెనుక ‘గాడు’. ఇంటిపేరు పోతుంది. అదే మనిషి వేరే కాగితంలో పెద్దోడు, చిన్నోడు అయి కూర్చుంటాడు. కులం పేరూ నిలకడగా ఉండదు. ఒక తరంలో మాల, మాదిగ లేదా పంచమ. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లు ఒప్పుకుంది. దాని వెనుక భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన 1917లో బెజవాడలో జరిగిన మహాసభ ఉంది. 1950 తర్వాత షెడ్యూల్డు కులం. నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లు కనిపిస్తే నలుగురు మనుషులు అనుకోకూడదు.

ఇంకొక చోటు హద్దులు. పాత దస్తావేజుల్లో అమ్మినవాడూ కొన్నవాడూ మనోళ్ళు కాకపోవచ్చు. కానీ పొలానికి నాలుగు దిక్కులా ఏముందో రాయాలి. తూర్పున ఫలానా మాలవాని మాన్యం, పడమట మాదిగపల్లెకు పోయే బాట. సొంత గడిలో చోటివ్వని రాత పక్కపొలం హద్దులో మనల్ని దాచిపెట్టలేకపోయింది. విద్యార్థులు దీన్ని గట్టిగా పట్టుకోవాలి.

కరువు, దేవళం, ఓడ

1876-78 ధాతు కరువు ఈ వెదుకులాటలో పెద్ద గండి. 1871 జనాభా లెక్కల్లో కడప జిల్లా జనం సుమారు పదమూడున్నర లక్షలు. 1881 నాటికి అది పదకొండు లక్షల ఇరవై వేలకు దిగిపోయింది. గంజి కేంద్రాల దగ్గర, రోడ్డు పనుల మీద పోయినోళ్ళు అంకెల్లో ఉన్నారు, పేర్లలో లేరు. మన పల్లెల్లో జ్ఞాపకం ఆ కరువు దగ్గర తెగిపోయిందంటే అది మన మతిమరుపు కాదు. చెప్పేవాళ్ళే పోయారు.

పేర్లు నిలిచిన చోట్లలో మిషన్ రిజిస్టర్లు ఒకటి. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. దక్షిణాన మదనపల్లెలో ఆర్కాటు మిషన్ పనిచేసింది. బాప్తిస్మం పుస్తకాల్లో తండ్రి పేరు, ఊరు ఉంటాయి. ఆడవాళ్ళు సొంత పేరుతో కనిపించే కొద్ది చోట్లలో ఇదొకటి. ఈనాం లెక్కల్లో మన జేజమ్మలు అసలే లేరు. కాకపోతే బాప్తిస్మంతో పేరు మారుతుంది. పాత పేరు, కొత్త పేరు రెండూ ఉన్న పుటే మనకు వంతెన. లండన్ మిషన్ ఉత్తరాలు, నివేదికలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ లైబ్రరీలో ఉన్నాయి. ఊర్ల రిజిస్టర్ల కోసం మాత్రం పాత చర్చీల పెట్టెలే తెరవాలి.

రెండోది ఓడ. 1860 నుంచి 1911 దాకా నేటాలుకు 1,52,184 మంది కూలీలు పోయారు. వాళ్ళలో సుమారు మూడింట రెండు వంతులమంది మద్రాసు రేవు నుంచి ఎక్కినోళ్ళే. మారిషస్, ఫిజీలకూ మన జనం పోయారు. ఓడ లెక్కల్లో మనిషికొక నంబరు, పేరు, తండ్రిపేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఒంటి మీద మచ్చలు. సొంత ఊరిలో ఇంటిపేరు కూడా దక్కనోడికి చెరకుతోట యజమాని కోసం పుట్టుమచ్చతో సహా రికార్డు తయారైంది. పారిపోతే పట్టుకోవడానికి అది కావాలి. డర్బనులో ఉన్నోళ్ళ చేతిలో నంబరుంది, వాళ్ళు ఊరు వెదుక్కుంటున్నారు. మన చేతిలో ఊరుంది, పోయినోళ్ళ పేర్లు లేవు. ఈ రెండు చేతులూ కలవాలి.

చుక్కలు

ఇదంతా పాత సంగతే కదా, ఇప్పుడెందుకని అడిగేవాళ్ళకు రీసెటిల్‌మెంటు రిజిస్టరు చూపిస్తాం. ఆర్.ఎస్.ఆర్. అంటారు. అందులో కొన్ని సర్వే నంబర్ల ఎదురుగా పట్టాదారు గడిలో పేరు లేదు, ప్రభుత్వం అనీ లేదు. చుక్కలు ఉన్నాయి. వీటినే చుక్కల భూములు అంటారు. వాటిని తరాలుగా సాగుచేస్తున్నోళ్ళలో పేదలు చాలామంది. అమ్ముకోవడానికీ బ్యాంకులో అప్పు తెచ్చుకోవడానికీ ఆ చుక్కలే అడ్డం. వీటిని తేల్చడానికి 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టం చేసింది. చట్టం వచ్చినా ఆఫీసులో అడిగేది ఒక్కటే: మీ పెద్దోళ్ళు ఇక్కడ ఉన్నట్టు కాగితం యాడుంది? అప్పుడు పాత అడంగల్లో అనుభవదారు పేరు, పక్కపొలం దస్తావేజులో హద్దు, స్కూలు అడ్మిషను రిజిస్టరులో తండ్రిపేరు, ఇవే సాక్ష్యం. పైగా 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. కొత్త రికార్డు వచ్చిన ఊర్లో పాతదాన్ని అడిగేవాడు తగ్గిపోతాడు. పాతదాంట్లో ఉన్న మనోడి పేరు కొత్తదాంట్లోకి ఎక్కకపోతే రేపు మనవడు రెండోసారి చుక్క అవుతాడు.

కాబట్టి కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు మేము చెప్పేది చిన్నపని. ముందు పల్లెలో ముసలోళ్ళ దగ్గర కూర్చొని ఇంటిపేర్లు, పెండ్లి సంబంధాల ఊర్లు, బావుల పేర్లు, కుంటల పేర్లు రాసుకోండి. మాదిగ వంశాలు చెప్పే డక్కలివాళ్ళ మాట, మాలల చావు కార్యాలు చేసే మాలదాసర్ల మాట వినండి. మనకూ వంశం చెప్పేవాళ్ళు ఉన్నారు, మనమే వాళ్ళను అడగడం మానేశాం. ఆ తర్వాతే ఆఫీసుకు పోండి. ఆర్.ఎస్.ఆర్., ఫెయిర్ అడంగలు, ఈనాం రిజిస్టరు నకళ్ళు సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామ పటం పక్కన పెట్టుకొని చదవండి. పట్టాదారు గడితో ఆగొద్దు. రిమార్కుల గడి, హద్దుల వరస, దావాల కట్టలు చూడండి.

కారంచేడు తర్వాత మన చరిత్ర మనమే రాసుకోవాలని అనుకున్నాం. కథలొచ్చాయి, కవిత్వమొచ్చింది. ఊరి లెక్కలు చదవడం మాత్రం ఇంకా కరణాల విద్యగానే మిగిలిపోయింది. జేజినాయన పేరు చదవడానికి కరణం అక్కరలేదు. ఏ గడిలో చూడాలో తెలిస్తే చాలు.