సూరత్ నవరాత్రి: మట్టికుండ దీపం, పూల బతుకమ్మ, డీజే హోరు

2023 డిసెంబరు మొదటి వారంలో ఆఫ్రికా ఖండంలోని బోట్స్వానా దేశంలో, కసానే పట్టణంలో, యునెస్కో కమిటీ ఒకటి సమావేశమైంది. మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఆ సమావేశం చేర్చిన అంశాలలో థాయ్‌లాండ్ నూతన సంవత్సర జలోత్సవం ‘సోంగ్‌క్రాన్’ ఒకటి, గుజరాత్ ‘గర్బా’ మరొకటి. ఒకటి నీటి పండుగ, ఇంకొకటి దీపం చుట్టూ తిరిగే ఆట. రెండింటికీ ఒకే చోట గుర్తింపు దక్కడం యాదృచ్ఛికమే. అయితే రెండు దేశాలలోనూ ఈ పండుగలను వెంటాడుతున్న ప్రశ్న మాత్రం ఒక్కటే: పూజగా మొదలైన వేడుక జల్సాగా మారినప్పుడు అందులో ఏది మిగులుతుంది?

ఈ ప్రశ్న సూరత్‌లోని తెలుగువారికి రెండు వైపుల నుంచి ఎదురవుతుంది. అక్కడ వారి చుట్టూ గర్బా జరుగుతుంది. వారి వాకిళ్లలో బతుకమ్మ జరుగుతుంది. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో బతుకమ్మ మొదలైన మరునాడే గుజరాతీల నవరాత్రి ఆరంభమవుతుంది. అక్కడి నుంచి సద్దుల బతుకమ్మ వరకు రెండు పండుగలూ ఒకే నగరంలో పక్కపక్కనే నడుస్తాయి. పొద్దు వాలే వేళ బతుకమ్మ, పొద్దుపోయాక గర్బా.

నగరానికి నైరుతి దిక్కున ఉన్న ఆల్థాన్‌లో ఈ మార్పు ఒక్క చూపులో కనిపిస్తుంది. ఒకప్పుడు గ్రామంగా ఉన్న ఆల్థాన్ నగరపాలక సంస్థ పరిధిలోకి వచ్చాక ఎత్తైన భవనాల పేటగా మారింది. భటార్, వేసు దాని పొరుగు ప్రాంతాలు. ఇక్కడ అపార్ట్‌మెంట్ల సముదాయాన్ని ‘సొసైటీ’ అంటారు. నవరాత్రి వచ్చిందంటే సొసైటీ ఆవరణే నాట్యస్థలి. వేడుకలకు అద్దెకిచ్చే విశాలమైన మైదానాలను ‘పార్టీ ప్లాట్’ అంటారు. పాత సూరత్‌లో వీధిలో ఆడే ఆటకు ‘శేరీ గర్బా’ అని పేరు. గుజరాతీలో శేరీ అంటే సందు, వీధి. సొసైటీ గర్బా ఆ శేరీకి వారసురాలనే చెప్పాలి: ఆడేవారంతా ఒకరికొకరు తెలిసినవారు, ప్రవేశానికి టిక్కెట్టు ఉండదు.

గర్బా అన్న మాట ‘గర్భ’ శబ్దం నుంచి వచ్చింది. చిల్లులు పెట్టిన మట్టికుండలో దీపం వెలిగించి నడుమ ఉంచుతారు. ఆ కుండను ‘గర్బో’ అంటారు. కుండ దేహానికి, లోపలి దీపం ప్రాణానికి సంకేతమని చెబుతారు. స్త్రీలు దాని చుట్టూ వలయంగా నిలిచి, చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ, ఒకరు పాడితే తక్కినవారు అందుకుంటూ తిరుగుతారు. వల్లభ్ మేవాడో వంటి భక్తకవులు అమ్మవారిపై రచించిన గర్బాలు తరతరాలుగా ఇలాగే నోటి నుంచి నోటికి అందుతూ వచ్చాయి.

పార్టీ ప్లాట్‌లో అమరిక వేరు. ఒక పక్కన ఎత్తైన వేదిక, దానిపై గాయకులు, వాద్యబృందం, ఇరువైపులా స్పీకర్ల గోడలు. రోజుకు ఒక పాస్, తొమ్మిది రోజులకు కలిపి సీజన్ పాస్. నెలల ముందు నుంచే అడుగులు నేర్పే తరగతులు, చనియా చోళీ దుకాణాలు, ఉత్తమ వేషధారణకు బహుమతులు. అమ్మవారి పటం, దీపం ఇక్కడా ఉంటాయి. ఆరంభంలో హారతి కూడా ఉంటుంది. కాని ఆడేవారి ముఖాలు తిరిగేది వేదిక వైపు. పాట వారి నోళ్లను వదిలి మైకులోకి వెళ్లింది. దీపం నడిమి నుంచి అంచుకు జరిగింది. కాలక్రమంలో వచ్చిన మార్పులన్నింటిలోనూ ఈ ఒక్క జరుగుడే అసలైనది. దుస్తులు, దీపకాంతులు, సినిమా బాణీలు దాని తరువాతి మాట.

వ్యాపారం చేరిన చోటికి ప్రభుత్వమూ చేరుతుంది. గర్బా పాస్‌లపై 18 శాతం జీఎస్టీ గురించి 2022లో గుజరాత్‌లో ప్రతిపక్షాలు నిరసనలకు దిగాయి. 2023 నవరాత్రిలో గర్బా ఆడుతూ కొందరు గుండెపోటుతో మరణించారన్న వార్తలు రాష్ట్రాన్ని కలవరపెట్టాయి. వేదికల వద్ద అంబులెన్సులు, వైద్య సిబ్బంది అవసరం చర్చకు వచ్చింది. శబ్దం విషయంలో 2000 నాటి కేంద్ర నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి: రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు లౌడ్‌స్పీకర్లు వాడరాదు; పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వాలు ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు. నవరాత్రి రాత్రులు ఈ సడలింపు మీదనే నడుస్తాయి. మట్టికుండ దీపానికి ఇన్ని అనుమతులతో పని పడలేదు.

థాయ్‌లాండ్‌లో జరిగినదీ ఇదే తీరు. ‘సోంగ్‌క్రాన్’ మన సంక్రాంతి శబ్దమే. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే సందర్భంగా ఏటా ఏప్రిల్ 13 నుంచి 15 వరకు దీనిని జరుపుకొంటారు. బౌద్ధ విహారాలలో బుద్ధ విగ్రహాలకు నీటితో అభిషేకం చేస్తారు. విహార ప్రాంగణాలలో ఇసుకతో చిన్న చిన్న స్తూపాలు కడతారు. ఇంటి పెద్దల ఎదుట మోకరిల్లి, పూల పరిమళం కలిపిన నీటిని వారి అరచేతులలో మెల్లగా పోసి ఆశీస్సులు అందుకుంటారు. ఆ నీరు చెంబెడైనా ఉండదు. అదే నీరు బ్యాంకాక్‌లోని సిలోమ్, ఖావోసాన్ వీధులలో గొట్టాలుగా, నీటి తుపాకులుగా, ట్రక్కుల మీది పీపాలుగా కనిపిస్తుంది. పోసేవారికి, పోయించుకునేవారికి పరిచయమే ఉండదు.

ఆ జల్సాకు మూల్యం కూడా ఉంది. పండుగ చుట్టూ వచ్చే వారం రోజులను థాయ్ అధికారులు ‘ఏడు ప్రమాదకర దినాలు’గా పిలిచి రహదారి ప్రమాదాల లెక్క ప్రకటిస్తారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ వారంలోనే ఏటా రెండు వందలకు పైగా ప్రాణాలు పోతున్నాయి. మద్యం, వేగం ప్రధాన కారణాలు. 2018లో పండుగకు ముందు స్త్రీలు ఒళ్లు కప్పుకునే దుస్తులు ధరించాలని అధికారులు హితవు చెప్పినప్పుడు, థాయ్ నటి, మోడల్ సిండీ సిరిన్యా బిషప్ దానిని ప్రశ్నిస్తూ ప్రచారోద్యమం నడిపారు. వేధింపులకు పాల్పడేవారిని వదిలి స్త్రీల దుస్తుల మీద పడడమేమిటన్నది ఆమె అభ్యంతరం. సంప్రదాయం పేరిట చెప్పే ప్రతి మాటా సంప్రదాయాన్ని కాపాడేది కాదనడానికి ఆ వివాదమొక నిదర్శనం.

మహమ్మారి కాలం ఈ రెండు దేశాలకూ ఎవరూ కోరని పరీక్ష పెట్టింది. 2020లో థాయ్‌లాండ్ సోంగ్‌క్రాన్ సెలవులను వాయిదా వేసింది. 2021లో వీధులలో నీళ్లు చల్లుకోవడాన్ని నిషేధించి, విగ్రహాభిషేకాన్ని, పెద్దల చేతులపై నీరు పోసే ఆచారాన్ని మాత్రం అనుమతించింది. గుజరాత్‌లో 2020 నవరాత్రికి గర్బా లేనే లేదు. 2021లో పార్టీ ప్లాట్లకు అనుమతి నిరాకరించిన రాష్ట్ర ప్రభుత్వం, 400 మందికి మించకుండా శేరీ గర్బాకు, సొసైటీ గర్బాకు అనుమతి ఇచ్చింది. అంటే హంగు తీసివేస్తే మిగిలేది ఏమిటో రెండు ప్రభుత్వాలూ తమకు తెలియకుండానే తేల్చిచెప్పాయి: అక్కడ అరచేతిలో నీరు, ఇక్కడ వీధిలో వలయం. ఆంక్షలు తొలగగానే తుపాకులూ స్పీకర్లూ తిరిగి వచ్చాయన్నది వేరే సంగతి.

ఆల్థాన్ నుంచి రైలు మార్గం దాటి తూర్పుకు వెళితే లింబాయత్, డిండోలీ, గోడాదరా వస్తాయి. సూరత్ తెలుగువారిలో అధికులు ఈ ప్రాంతాలలోనే ఉంటారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు వీరిలో ఎక్కువ. షోలాపూర్‌కు, భివండికి వెళ్లిన వలస కూడా ఈ కోవలోనిదే. మగ్గం పని పగలు ఒక షిఫ్టు, రాత్రి ఒక షిఫ్టు. సూరత్‌లోని ఇటువంటి కార్మిక కుటుంబాలలో స్త్రీలు ఇంటి వద్ద చీరలకు లేసులు కుట్టడం, రాళ్లు అతకడం వంటి పనులు చేస్తారు. ముక్కకు ఇంత చొప్పున కూలి. ఇటువంటి బతుకులో సాయంత్రపు రెండు గంటలను పూలు పేర్చడానికి కేటాయించడం చిన్న విషయం కాదు.

పల్లెలో తంగేడు, గునుగు గట్ల మీద, చేలలో దొరుకుతాయి. వాటికి వెల లేదు. నగరంలో బంతి, చామంతి కొనవలసిందే. పళ్లెంలో ఆకులు పరచి, వరుస మీద వరుసగా పూలు పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలుపుతారు. తెచ్చిన బతుకమ్మలన్నింటినీ నడుమ పెట్టి స్త్రీలు వలయంగా తిరుగుతారు. ఇక్కడా చప్పట్లే తాళం, ఇక్కడా ఒకరు పాడితే అందరూ అందుకోవడమే. గర్బో కుండనూ పూల బతుకమ్మనూ మార్చి పెట్టి చూస్తే ఆ రెండు వలయాలూ అక్కచెల్లెళ్లని ఎవరికైనా తోస్తుంది.

పోలిక అక్కడితో ఆగితే బాగుండేది. డీజే రెండు చోట్లకూ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించాక దాని ప్రతిష్ఠ పెరిగింది. దానితోపాటు వేదికలు, అతిథులు, ఉపన్యాసాలు కూడా పెరిగాయి. ఏటా పండుగకు ముందు యూట్యూబ్‌లో కొత్త బతుకమ్మ పాటలు వెల్లువెత్తుతాయి. 2021లో తెలంగాణ జాగృతి కోసం ఏ.ఆర్. రెహమాన్ స్వరపరచిన పాటను గౌతమ్ మేనన్ చిత్రీకరించారు. ఇవన్నీ చెడ్డవని అనడానికి లేదు. బతుకమ్మ పాట ఎన్నడూ ఒక్కచోట నిలిచి ఉండలేదు. కరువు, వరద, అత్తవారింటి కష్టం, ఉద్యమం, ఏది వస్తే అది ‘ఉయ్యాలో’ అన్న పల్లవిలో ఇమిడిపోయింది. కొత్త మాట రావడం ఆ పాట స్వభావంలోనే ఉంది.

చిక్కల్లా పాడేవారి నోరు మూతపడడంతోనే. స్పీకరు పాడుతున్నప్పుడు స్త్రీలు అడుగు మాత్రమే వేస్తారు. చరణం మరచిపోతే పక్కనున్న పెద్దమ్మ అందించే అవకాశం లేదు, ఎందుకంటే మరచిపోయే అవకాశమే లేదు. తెలంగాణలో ఆ లోటు అంతగా బయటపడకపోవచ్చు. బడిలో, బజారులో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. సూరత్‌లో అలా కాదు. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉండడం విశేషమే. అయినా వీధిలో పిల్లల ఆటపాటలు గుజరాతీలోనో హిందీలోనో సాగుతాయి. అక్కడ పుట్టిన ఆడపిల్లకు అమ్మమ్మ నోటి తెలుగు, ‘వలలో’, ‘కోల్’ వంటి పాట మాటలు, చెల్లెలి కష్టం విని అన్న పుట్టింటికి తీసుకుపోయే కథ చెవిన పడేది ఈ తొమ్మిది సాయంత్రాలలోనే. గర్బాలో పాట వేదిక ఎక్కితే గుజరాతీ భాషకు వచ్చే నష్టం లేదు. పరాయి రాష్ట్రంలో బతుకమ్మ పాట స్పీకరులోకి వెళితే ఒక ఇంటిలో భాష ఒక తరం తరిగిపోతుంది.

యువతరాన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. పన్నెండు గంటలు యంత్రాల మోత విన్నవారు పండుగనాడు పెద్ద ధ్వని కోరుకోవడం అర్థం కానిది కాదు. పైగా డీజే వస్తే వలయం పెద్దదవుతుంది, పాట రానివారూ సిగ్గుపడకుండా కలుస్తారు. రెండూ సాగే మార్గం ఉంది: ముందు నోటిపాట, తరువాత యంత్రం పాట. బతుకమ్మను నడుమ పెట్టి పెద్దవాళ్లు పాడే గంటసేపు స్పీకరు ఆపితే చాలు. ఆల్థాన్‌లోనైనా లింబాయత్‌లోనైనా దీనికి పోలీసు అనుమతి అక్కరలేదు. స్విచ్ ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న. సాధారణంగా అది పూలు పేర్చిన చేతులలో ఉండదు.

చివరి రోజున సమస్య నీటి దగ్గరికి వస్తుంది. బతుకమ్మ కూడా చివరికి నీటి పండుగే. గౌరమ్మను సాగనంపడానికి చెరువో వాగో కావాలి. నగరపాలక సంస్థ తాపీ నదిలో విగ్రహాల నిమజ్జనాన్ని నిషేధించి, గణేశ ఉత్సవాలకు కృత్రిమ కొలనులు ఏర్పాటు చేస్తున్నది. రసాయనపు రంగులు పూసిన విగ్రహానికీ పూల దొంతరకూ తేడా ఉంది. అయినా నగర జీవితంలో చెరువు గట్టు వెతుక్కోవలసిందే. పూలను నీట వదిలాక స్త్రీలు పసుపు గౌరమ్మలోని పసుపును పుస్తెలకు అద్దుకుంటారు. పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్దిని అక్కడే గట్టున ఒకరికొకరు పంచుకొని, ఖాళీ పళ్లేలతో పాడుకుంటూ ఇళ్లకు మళ్లుతారు.