రూత్ వండలేకపోయిన విందు

1928. జర్మనీలోని బ్రెస్లావ్ నగరం. ఆపరేషన్ బల్ల మీద మనిషి మెలకువగానే ఉన్నాడు. తల పైచర్మానికి మాత్రం మత్తు సూది వేశారు. తెరిచిన కపాలంలో డాక్టర్ ఒట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ సన్నని తీగతో మెదడును తాకి, కొద్దిపాటి కరెంటు పెడుతున్నాడు. ఒకచోట తాకితే బొటనవేలు అదురుతుంది, ఇంకోచోట పెదవి లాగుతుంది.

పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్నవాడు వైల్డర్ పెన్‌ఫీల్డ్. వయసు 37. అప్పటికే పేరున్న సర్జన్, అయినా మళ్లీ శిష్యుడయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు గాయమై, మెదడులో మిగిలిన మచ్చ వల్ల ఏళ్లుగా ఫిట్స్‌తో నలిగిపోతున్న సైనికులకు ఫోర్‌స్టర్ ఆ మచ్చను తీసేసేవాడు. మెదడుకు నొప్పి తెలియదు. రోగి మేలుకుని ఉంటేనే ఏది తీయొచ్చో, దేన్ని ముట్టుకోకూడదో తెలుస్తుంది. ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. పెన్‌ఫీల్డ్ అక్కడ ఆరు నెలలు ఉన్నాడు.

అదే ఏడాది డిసెంబరు. కెనడాలోని మాంట్రియల్. ఈసారి బల్ల మీద ఉన్నది పెన్‌ఫీల్డ్ సొంత అక్క రూత్. చిన్న వయసు నుంచే ఫిట్స్. కుడివైపు, మెదడు ముందు భాగంలో పెద్ద గడ్డ. కోసినవాడు తమ్ముడే. చేతనైనంత తీశాడు, మొత్తం తీయలేకపోయాడు.

అక్క కోలుకుంది, ఇంటికి వెళ్లింది. ఏడాది దాటాక ఓ రోజు తమ్ముణ్ణి భోజనానికి పిలిచింది. ఇంట్లో నలుగురు, అతిథి ఒక్కడు. ఒకప్పుడు ఆవిడకు ఇదో లెక్క కాదు. పెన్‌ఫీల్డ్ వెళ్లేసరికి సరుకులన్నీ వంటింట్లోనే ఉన్నాయి. పొయ్యి మీద ఒకటి రెండు గిన్నెలు. మాంసం ఇంకా మొదలే పెట్టలేదు. ఏది ముందో ఏది వెనకో తోచక, రోజంతా ఒంటరిగా పెనుగులాడి, రూత్ దిగులుగా నిలబడి ఉంది.

1931లో ఆమె చనిపోయింది. పెన్‌ఫీల్డ్ ఆ వంటింటి సంగతి దాచుకోలేదు, 1935లో వైద్య పత్రికలో రాశాడు. నా దృష్టిలో ఆయన శిష్యులకు నేర్పిన మొదటి పాఠం అదే. కత్తి పట్టడం ఒక్కటే వస్తే సరిపోదు, ఆ కత్తి వల్ల మనిషి ఏం పోగొట్టుకుంటాడో కూడా తెలియాలి. 1934లో మాంట్రియల్‌లో ఆయన తెరిచిన నాడీ వైద్య సంస్థలో సర్జన్ పక్కనే మెదడు కరెంటును చదివే హెర్బర్ట్ జాస్పర్, జ్ఞాపకశక్తిని పరీక్షించే బ్రెండా మిల్నర్ తర్వాత వచ్చి చేరారు. అక్కడ మెదడు మీద తాకిన ప్రతిచోటా అంకె వేసిన చిన్న కాగితపు ముక్క పెట్టేవారు, రోగి చెప్పిన ప్రతి మాటా రాసుకునేవారు.

అక్కడ నేర్చుకున్నవారిలో ఒకరు కేరళకు చెందిన డాక్టర్ జాకబ్ చాండీ. మన చిత్తూరువాళ్లు రాయవేలూరు అని పిలుచుకునే వేలూరుకు వచ్చి, 1949లో సీఎంసీ ఆసుపత్రిలో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం పెట్టారు. 1952లో అక్కడే మూర్ఛకు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత తనే గురువై మరికొందరిని తయారుచేశారు.

ఇప్పుడు తిరువనంతపురం శ్రీచిత్రలో, బెంగళూరు నిమ్హాన్స్‌లో, మన హైదరాబాద్‌లో కూడా ఈ ఆపరేషన్ చేసేవారున్నారు. మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి మందులతో ఫిట్స్ ఆగవు. వాళ్లందరికీ ఆపరేషన్ పనికిరాదు. పనికిరాదని తేల్చి చెప్పడం కూడా ఆ శిక్షణలో భాగమే. మీ ఇంట్లో ఎవరికైనా రెండు రకాల మందులు సరిగ్గా వాడినా ఫిట్స్ ఆగకపోతే, వచ్చినప్పుడల్లా చేతిలో తాళం గుత్తి పెట్టి సరిపెట్టుకోకండి. అలాంటి శిక్షణ పొందిన డాక్టర్ల దగ్గరికి ఒక్కసారి తీసుకెళ్లండి.