అప్పజెప్పిన పాఠం

పరీక్షలొస్తే చాలు, పిల్లలు తెల్లవార్లూ కూర్చుని చదివిందే చదువుతారు. మనమేమో కాఫీ కలిపిచ్చి మురిసిపోతాం! ఆ జాగారం ఏపాటిదో జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన 1885లోనే తేల్చాడు. అర్థంలేని ముక్కలు పన్నెండేసి వరసపెట్టి తనే వల్లెవేశాడు. ఒక్కరోజే 68 సార్లు వల్లిస్తే మర్నాడు ఎంత సులువుగా తిరిగొచ్చాయో, మూడు రోజులకు పంచుకుని 38 సార్లు వల్లించినా అంతే సులువుగా వచ్చాయిట!

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు ఇంకో సంగతి చూశారు. అయిదు నిమిషాల్లో అడిగితే, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం పోయాక అడిగితే మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్ళే నెగ్గారు.

నాకైతే వెనకటి వీధిబడులు గుర్తొస్తున్నాయి. పాఠం అప్పజెప్పమంటే ఇదే కదూ! బెత్తం సంగతి వదిలేద్దాం. కూర తరుగుతూ రోజూ నాలుగు ప్రశ్నలడుగుదాం. పిల్లలకు చదువూ దక్కుతుంది, నిద్రా దక్కుతుంది.