వైద్యమునకు టెండరు

రేవు పాటయు, సంత పాటయు, చెరువు చేపల పాటయు మన గ్రామములలో ఎరుగనివారుండరు. పదిమంది చేరుదురు, ఒకరు నూరన్నచో మరియొకరు నూటపది యందురు, మూడవ పిలుపుతో పాట ముగియును. ఎక్కువ పాడినవానికి రేవు దక్కును. దీనికి తలక్రిందైన పాట యొకటి కలదు. అందు తక్కువ పాడినవానికే పని దక్కును. వంతెన కట్టుటకును, రోడ్డు వేయుటకును ఈ రెండవ పద్ధతియే వాడుక. దానిని మనము టెండరు అందుము.

ఊరి పేదల రోగములను చూచు వైద్యుని సయితము ఈ రీతిగనే తక్కువ పాటకు కుదుర్చుకొనిన దేశమొకటి కలదు. ఆ దేశము ఇంగ్లండు. 1834 వ సంవత్సరమున చట్టపు నీడలో విస్తరించిన ఆ పద్ధతి 1842 లో రద్దయినది. ఎనిమిదేండ్ల ముచ్చటయే గదా యని తోచవచ్చును. కాని అది లేవదీసిన ప్రశ్న నూటెనుబది యేండ్లు గడచినను ఆ దేశపు వైద్య వ్యవస్థను వదలలేదు. ధర చెప్పినప్పుడు ఆ ధరలో ఏమేమి చేరియున్నది? మందు కూడ చేరియున్నదా? ఆ కథను పాఠకుల ముందుంచుచున్నాము.

ఎలిజబెత్ రాణి కాలమున 1601 లో చేసిన చట్టము ప్రకారము ఇంగ్లండులో ప్రతి పారిష్, అనగా ఒక చర్చి క్రింది గ్రామ పరిధి, తన పేదలను తానే పోషించుకొనవలెను. ఇండ్లును భూములును గలవారు అందుకై పన్ను చెల్లించెడివారు. కుంటివారు, గ్రుడ్డివారు, వృద్ధులు, అశక్తులు ఆ చట్టమున పేర్కొనబడిరి గాని వైద్యుని మాట అందు లేదు. అయినను రోగమును పేదరికమును ఒకదానినొకటి వెంబడించునవి గనుక, పదునెనిమిదవ శతాబ్దమునాటికి అనేక గ్రామములు ఒక్కొక్క వైద్యునితో సాలుకింత యని ఒడంబడిక చేసికొనుచుండెను. ఎందరు జబ్బుపడినను, ఎన్ని సీసాల మందు పట్టినను ఇచ్చునది ఆ మొత్తమే. జార్జి క్రాబ్ అను కవి 1775 లో సముద్రతీరమునందలి తన స్వస్థలమగు ఆల్డ్‌బరోలో ఇట్టి వైద్యుడుగా నియమింపబడెను. 1783 లో ఆయన ప్రకటించిన 'ది విలేజ్' అను కావ్యమున పేదల వైద్యుని చిత్రము మిక్కిలి కటువుగా నుండును. తాను చేసి విడిచిన కొలువునే ఆయన అట్లు చిత్రించెనన్నమాట.

1834 లో పార్లమెంటు ఈ ఏర్పాటునంతటిని త్రిప్పివైచినది. చిన్న చిన్న పారిష్‌లను కలిపి యూనియనులు చేసిరి. ఒక్కొక్క యూనియనుకు పన్ను చెల్లించువారు ఎన్నుకొనిన గార్డియనుల సంఘము ఏర్పడెను. అందరిపైన లండనులోని సోమర్సెట్ హౌసులో ముగ్గురు కమిషనరులు. వారికి కార్యదర్శి ఎడ్విన్ చాడ్విక్. పేదవానికి ఊరివారి సొమ్ముతో జరుగు సహాయము, స్వంత కష్టముమీద బ్రతుకు కూలివాని స్థితికంటె మెరుగుగా నుండరాదనునది వారి మూలసూత్రము. అన్నవస్త్రముల విషయమున ఆ సూత్రమును ఎట్లో నడిపిరి. వైద్యము విషయమున అది వారిని ఇరకాటమున పెట్టెను. కూలివాడు స్వంత డబ్బుతో పొందగల వైద్యము ఆ రోజులలో దాదాపు శూన్యమే. శూన్యముకంటె తక్కువ వైద్యమును ఎట్లు ఏర్పాటు చేయవలెను?

గార్డియనులు ఆ చిక్కును తర్కముతో గాక టెండరుతో విప్పుకొనిరి. పత్రికలలో ప్రకటన వేయించిరి: ఫలాని పారిష్‌లలోని పేద రోగులకు ఒక సంవత్సరము వైద్యము చేయుటకును, మందులిచ్చుటకును ఎవరెంత కోరుదురో తెలుపుడని. తక్కువ కోరినవానికి పని ఇచ్చిరి.

ఈ పద్ధతికి ఒక న్యాయము లేకపోలేదని మేమును ఒప్పుకొందుము. పూర్వము గ్రామపెద్దలు తమకు కావలసినవానిని కుదుర్చుకొనెడివారు. లెక్క అడుగువాడు లేడు. బహిరంగ ప్రకటన వచ్చినప్పుడు పక్షపాతమునకు చోటు తగ్గును. పన్ను కట్టువారిలో చిన్న రైతులును, అంగడివారును ఉండిరి. వారి సొమ్ము వృథా కాకుండ చూచుట గార్డియనుల ధర్మము. ఇంతవరకు వాదము బాగుగనే యున్నది. కాని వంతెన తక్కువ ధరకు కట్టినచో దాని బలమును ఇంజనీరు కొలిచి చూడగలడు. వైద్యుడు రాని రాత్రి ఎంత నష్టము జరిగినదో కొలుచువారెవరు?

వైద్యులు అంత తక్కువకు ఏల పాడిరని సందేహము కలుగును. ఊరిలో స్థిరపడిన వైద్యునికి ఆదాయము పేదలవలన రాదు. కలిగిన కుటుంబములవలన వచ్చును. పేదల కంట్రాక్టు చేజారినచో దానిని ఆధారము చేసికొని క్రొత్తవాడొకడు ఊరిలో కాలు పెట్టును. నాలుగేండ్లలో పెద్ద ఇండ్లకును ప్రాకును. ఆ భయముచేత నష్టమునకైనను పాడి పోటీదారును దూరముంచెడివారు. ఒక్కొక్కచోట వైద్యులందరును కూడబలుకుకొని తక్కువ ధరకు చేయమని భీష్మించగా, గార్డియనులు బయటి ఊరినుండి అనుభవము లేని యువకుని పిలిపించి పని ఒప్పగించిరి. అట్లు వచ్చినవానికి ఆ మండలపు దారులే తెలియవు.

ఇక మందుల సంగతి. ఇదియే ఈ కథకు గుండెకాయ. కంట్రాక్టు మొత్తములో మందుల వెల చేరియున్నది గనుక, రోగికిచ్చిన ప్రతి మోతాదును వైద్యుని జేబులోనుండి పోవును. మంచి మందు ఇచ్చిన కొలది ఆయన పేదయగును. వైద్యుడు దుర్మార్గుడు కానక్కరలేదు. సంసారమున్న సామాన్యుడైన చాలును. మరి విచిత్రమేమనగా, రోగికి మాంసము గాని, ద్రాక్షసారాయము గాని అవసరమని వైద్యుడు వ్రాసి ఇచ్చినచో ఆ ఖర్చు గార్డియనులది. అందుచేత మందు ఇయ్యవలసిన చోట మాంసము వ్రాయు ఆచారము పుట్టెను. వైద్యులు గొఱ్ఱెమాంసమును మందుగా వాడుచున్నారని గార్డియనులు గోల పెట్టిరి. ఆకలితో నున్న రోగులు గొంద రా మాంసముచేతనే కోలుకొనియుందురని మాకు తోచుచున్నది. అది వేరు సంగతి.

రోగి వైద్యుని యొద్దకు పోవుటయు సులభము కాదు. మొదట రిలీవింగ్ ఆఫీసరు అను ఉద్యోగిని వెదకి చీటీ తెచ్చుకొనవలెను. మంచము పట్టినవాని భార్య కొన్ని మైళ్లు నడచి చీటీ సంపాదించి, మరికొన్ని మైళ్లు నడచి దానిని వైద్యునికి చూపవలెను. ఆ చీటీ ఇచ్చువాడు వైద్యమెరిగినవాడు కాడు. ఖర్చు తగ్గించుట అతని ఉద్యోగము. చార్లెస్ డికెన్స్ 'ఆలివర్ ట్విస్ట్' నవల 1837 లో వెలువడ నారంభించినది. మొదటి ప్రకరణమున ఆ అనాథ శిశువు వర్కుహౌసులో పుట్టునప్పుడు దగ్గరనున్న వైద్యుడు కంట్రాక్టు మీద వచ్చినవాడేయని డికెన్స్ తెలుపుట మరువలేదు. నాటి చదువరులకు అంతకుమించి వివరణ అక్కరలేకపోయెను.

వైద్యులలోనే కదలిక వచ్చినది. 1823 లో 'లాన్సెట్' పత్రికను స్థాపించిన తామస్ వాక్లీ 1835 లో పార్లమెంటు సభ్యుడై ఈ టెండరులమీద పత్రికలోను, సభలోను ధ్వజమెత్తెను. 1832 లో వూస్టరు పట్టణమున చార్లెస్ హేస్టింగ్స్ నెలకొల్పిన వైద్యసంఘము, అనగా తరువాత బ్రిటిష్ మెడికల్ అసోసియేషను అయిన సంఘము, సాక్ష్యములు ప్రోగుచేసెను. తుదకు 1842 మార్చిలో కమిషనరులు ఒక ఉత్తరువు వెలువరించిరి. వైద్యుని టెండరుమీద నియమింపరాదు. జీతము నిర్ణయించి నియమింపవలెను. ఒక వైద్యుని మండలము 15,000 ఎకరములకు, అనగా సుమారు 23 చదరపు మైళ్లకు మించరాదు. అందలి జనము 15,000 కు మించరాదు. శస్త్రచికిత్సలకు ప్రత్యేకముగా రుసుము ఇయ్యవలెను.

ఈ రుసుముల వివరము 1847 నాటి నిబంధనల సంపుటిలో కలదు. కాలు గాని చేయి గాని తీసివేసినచో 5 పౌనులు. అయితే రోగి శస్త్రము జరిగిన పిదప 36 గంటలకు మించి జీవింపనియెడల సగము రుసుమే. రుసుముకొరకు అక్కరలేని కాళ్లు కోయుదురేమోయని, అత్యవసరము కానిచోట్ల మరియొక వైద్యుని ధ్రువపత్రము తేవలెనని నియమించిరి. ఒక కంత పూడ్చినచో మరియొక కంత పడునేమోయను జాగ్రత్త ప్రతి పంక్తిలోను కనబడును.

కాని పెద్ద కంత పూడలేదు. టెండరు పోయినను మందుల వెల జీతములోనే మిగిలిపోయెను. జీతము నిర్ణయించువారు మరల ఆ గార్డియనులే. 1856 లో లండనులోని స్ట్రాండ్ వర్కుహౌసుకు వైద్యుడుగా వచ్చిన జోసెఫ్ రోజర్స్‌కు సాలుకు 50 పౌనుల జీతము. మందులన్నియు అందులోనుండియే కొనవలెను. ఆయన ఊరకుండు మనిషి కాడు. పేదలకు మందులు ప్రజాధనముతోనే ఇయ్యవలెనని పోరాడి, గార్డియనుల ఆగ్రహమునకు గురియై, తన జీవితమును ఆ వాదమునకే అంకితము చేసెను. 1864 లో పార్లమెంటు విచారణ సంఘమొకటి క్వినైను, కాడ్ చేపనూనె మున్నగు ఖరీదైన మందుల వెల గార్డియనులే భరింపవలెనని సిఫారసు చేసెను. క్వినైను మన మన్యప్రాంతములవారికి చిరపరిచితమైన చేదే. దానిని వైద్యుడు తన జేబు తడుముకొని ఇయ్యవలసిన రోజులు కూడ ఉండెనని తలచుకొన్న ఆశ్చర్యమగును.

ఐర్లండులో ఈ చిక్కు అంతకుముందే విడినది. మహాక్షామము పిదప 1851 లో వచ్చిన చట్టముచేత ఆ దేశము 700 కు పైగా డిస్పెన్సరీ మండలములుగా విభజింపబడెను. వైద్యునికి జీతము వేరు, మందుల ఖర్చు వేరు. రోజర్స్ చూపిన మాదిరి అదియే. 1867 లో లండను నగరమునకు ప్రత్యేక చట్టము వచ్చి, అచ్చట పేదలకు డిస్పెన్సరీలు నెలకొనెను. 1911 లో లాయిడ్ జార్జి ఇన్సూరెన్సు చట్టము తెచ్చినప్పుడు వైద్యునికి తలకింత యని ఇచ్చి, మందులను చాలవరకు మందుల అంగడివానికి విడదీసెను. రోగి తన వైద్యుని తానే ఎన్నుకొనెను. 1948 జూలై 5 న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైనప్పుడు ఆ తలకింత పద్ధతి దేశజనమునకంతటికి విస్తరించెను. కుటుంబ వైద్యుడు నాడు సర్కారు ఉద్యోగి కాలేదు. కంట్రాక్టు చేసికొనిన స్వతంత్రుడుగనే ఉండెను. కంట్రాక్టు మిగిలినది, పాట మాత్రము పోయినది.

ఈ పాఠము మన ప్రాంతమునకును ఒక విధముగా వచ్చినది. తెలుగువాడైన పానగల్లు రాజా రామరాయణింగారు చెన్నరాష్ట్ర ప్రథమమంత్రిగా నున్న కాలమున, 1924 ప్రాంతమున, పల్లెలలో స్థిరపడు వైద్యులకు స్థానిక బోర్డుల ద్వారా సాలుసరి సహాయ ద్రవ్యమిచ్చు పథకము మొదలయ్యెను. పేదలకు ఉచితముగా చూడవలెను. కలిగినవారియొద్ద రుసుము పుచ్చుకొనవచ్చును. తీరాంధ్ర, రాయలసీమ జిల్లాలు నాడు ఆ రాష్ట్రములోనివే. ఇచ్చట తక్కువ పాట లేదు. కాని పల్లెలో కలిగినవారు కొద్దిమందియే గనుక ఆ సహాయ ద్రవ్యము ఎంతటి వైద్యుని నిలుపగలదనునదే చిక్కు. 1946 లో భోర్ సంఘము పూర్తి జీతముమీద పనిచేయు వైద్యులతో ఆరోగ్య కేంద్రములు కావలెనని సిఫారసు చేసెను. 1952 నుండి సమాజ వికాస పథకముతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు దేశమున వెలయసాగెను.

ఇంగ్లండున కథ మరల మొదటికి వచ్చుట విశేషము. 2004 నుండి కుటుంబ వైద్యపు కంట్రాక్టులను కంపెనీలకు కూడ ఇయ్యవచ్చునని ద్వారము తెరచిరి. 2008 లో లండనులోని కామ్డెన్ ప్రాంతమున మూడు వైద్యాలయముల కంట్రాక్టు ఒక అమెరికా సంస్థ యొక్క బ్రిటిషు శాఖకు దక్కెను. కొన్నేండ్లకే ఆ కంట్రాక్టు మరియొక కంపెనీకి చేతులు మారెను. 2012 లో ఆ మూటిలో ఒకటి మూతపడెను. అచ్చటి రోగులు తమ కాగితములతో మరియొక వైద్యుని వెదకికొనవలసి వచ్చెను. 2013 నాటి నియమములు పోటీని మరింత బిగించినవి.

తరువాత పదియేండ్లకు గాలి మారినది. 2024 జనవరి 1 నుండి ఇంగ్లండున వైద్య సేవల కంట్రాక్టులకు క్రొత్త నిబంధనలు అమలులోనికి వచ్చినవి. పని చక్కగా చేయుచున్న వైద్యుని, పోటీ పెట్టకయే కొనసాగింపవచ్చును. కాని నిర్ణయమును బహిరంగముగా ప్రకటింపవలెను, కాదనువారికి అభ్యంతరము చెప్పుటకు ఎనిమిది పనిదినముల గడువు ఇయ్యవలెను. చూడవలసిన అంశములు అయిదు: సేవ యొక్క నాణ్యతయు నూతనత్వమును, పెట్టిన సొమ్మునకు దక్కు విలువ, ఇతర సేవలతో పొందికయు నిలకడయు, అందరికి అందుబాటు, సమాజమునకు కలుగు మేలు. 1834 నాటి గార్డియనులు చూచినది ఈ అయిదింటిలో రెండవదానిలో ఒక ముక్క మాత్రమే. ఇప్పుడు అయిదింటిని చూడవలెను గాని, దేనికెంత తూకమో నిబంధనలు చెప్పలేదు. ఆ తూకపురాళ్లు ఎప్పటివలెనే స్థానికాధికారుల చేతిలోనే యున్నవి.