విద్య ఋణాన్ని తీర్చాలి, తేరాదు



దేవఋణం, పితృఋణం, ఋషిఋణం అనే మూడు ఋణాలతో మనం జన్మిస్తామని వైదిక సంప్రదాయం. వీటిలో ఋషిఋణం తీరేది అధ్యయనం చేత. అనగా విద్య ఋణవిమోచన సాధనం. నేడు ఆ క్రమం తలక్రిందులైంది. మైపాడు, కృష్ణపట్నం వంటి మన తీరగ్రామాల నుండి నెల్లూరు కళాశాలలకు వెళ్లే పేద విద్యార్థి ఇంట చదువు ముగియక మునుపే వడ్డీ లెక్క మొదలవుతున్నది.

పూర్వులు ఈ ఆపదను ఎట్లా నివారించారో ఒక శాసనం చెబుతుంది. కాకతీయ గణపతిదేవుడు నెల్లూరికి అపరిచితుడు కాడు. రాజ్యభ్రష్టుడైన మనుమసిద్ధి కొరకు తిక్కన సోమయాజి ఓరుగల్లుకు వెళ్లి అర్థించగా సాయపడినవాడు ఆయనే అని ప్రతీతి. ఆ ప్రభువు తన గురువు విశ్వేశ్వర శివాచార్యులకు కృష్ణాతీరాన మందడం గ్రామాన్ని సంకల్పించాడు. కుమార్తె రుద్రమదేవి వెలగపూడిని కూడా చేర్చి ధారపోసింది. 1261 నాటి మల్కాపుర శాసనం ఆ దాన వినియోగాన్ని వివరిస్తుంది: వేదత్రయ బోధకు ముగ్గురు, వ్యాకరణ మీమాంసా తర్క సాహిత్య ఆగమాలకు ఐదుగురు అధ్యాపకులు, ఒక వైద్యుడు, ఒక లేఖకుడు, విద్యార్థులకు పోషణ, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం.

అంతకు రెండు శతాబ్దాల ముందే తమిళదేశంలోని ఎణ్ణాయిరంలో, రాజేంద్ర చోళుని కాలాన, 340 మంది విద్యార్థులకూ 14 మంది అధ్యాపకులకూ ఇటువంటి ఏర్పాటే జరిగింది. విద్యార్థికి దినభత్యంగా ఇంత ధాన్యమని శిలపై కొలతతో సహా చెక్కించారు.

ఈ రెండింటి మర్మం ఒక్కటే. విద్యార్థి గడప తొక్కక ముందే అతని గ్రాసానికి ఆధారం సిద్ధంగా ఉంది. దాత భూమిని ముందు ఇచ్చాడు. శిష్యుడు తరువాత వచ్చాడు. కనుక ఋణానికి అవకాశమే లేదు.

2008లో మన రాష్ట్రంలో ఆరంభమైన బోధనారుసుము చెల్లింపు పథకం సంకల్పంలో ఆ దానధర్మానికి వారసురాలే. అయితే ఇందులో చదువు ముందు, ధనం తరువాత. ఆ ధనం ఆలస్యమైతే కళాశాల తల్లిదండ్రులను అడుగుతుంది, ధ్రువపత్రాలు నిలిచిపోతాయి, చివరకు తండ్రి వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కుతాడు. బ్యాంకు విద్యాఋణమైతే, రాయితీ లేనివారికి చదివే కాలంలోనే వడ్డీ పెరుగుతుంది. ఉచితమన్న మాటకూ ఋణరాహిత్యానికీ నడుమ ఉన్న దూరం కాలమే.

పూర్వవ్యవస్థకు పరిమితి లేకపోలేదు. విశ్వేశ్వరుని అన్నసత్రం బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు అందరికీ తెరచి ఉండేది. వేదపాఠశాల ద్వారం అట్లా తెరచి ఉండేది కాదు. జాలరి బిడ్డకూ, ఆడపిల్లకూ ప్రవేశమిచ్చిన నేటి ప్రభుత్వ కళాశాల ఆ విషయంలో నిస్సందేహంగా అధికం. కావలసినది ఈ విశాలద్వారానికి ఆనాటి స్థిరనిధి తోడుకావడం.

రుద్రమదేవి ధారపోసిన ఆ వెలగపూడిలోనే నేడు రాష్ట్ర సచివాలయం ఉన్నది. విద్యార్థుల రుసుము ఉత్తర్వులు వెలువడేదీ అక్కడి నుండే. ఒకనాడు ఏ నేల పంట విద్యార్థిని ముందుగా పోషించిందో, ఆ నేల నుండి వచ్చే ధనం విద్యాసంవత్సరానికి ముందే చేరితే, మన బిడ్డలకు మిగిలేది ఋషిఋణం ఒక్కటే. అది నేర్చినదానిని మరొకరికి నేర్పితే తీరుతుంది.

స్వస్తి.