వర్ణమేళన సాధనముల పుట్టుపూర్వోత్తరములు

రెండు వర్ణములు ఒకచోట తాకినప్పుడు ఆ సంధిని ఏమి చేయవలెనను ప్రశ్న చిత్రకళయంత ప్రాచీనమైనది. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము ఛాయను చూపుటకు పత్రజము, ఆహైరికము, బిందుజము అని మూడు విధములైన వర్తనలను పేర్కొన్నది. వీనిలో ఆకు ఈనెలవలె గీతలు గీయుట ఒకటి, చుక్కలు పెట్టుట మరియొకటి. రంగును రంగులోనికి పులుమక, వన్నె నుండి వన్నెకు దిగు మెట్లు కనబడకుండ కంటినే మభ్యపెట్టు ఉపాయములివి. గ్రుడ్డుసొనతో కలిపిన టెంపెరా రంగులు వాడిన ఇటలీ చిత్రకారులును ఇట్టి త్రోవనే తొక్కిరి. ఆ రంగు పెట్టినంతనే ఆరిపోవును గనుక సన్నని గీతలను పక్కపక్కన పేర్చి బుగ్గ గుండ్రదనమును, వస్త్రపు మడతను చూపుట తప్ప వారికి గత్యంతరము లేకపోయెను. పదునైదవ శతాబ్దమున యాన్ వాన్ ఐక్ మొదలగు ఫ్లాండర్సు చిత్రకారుల చేతిలో నూనెరంగులు పరిపక్వదశకు వచ్చిన పిమ్మట, దినములతరబడి ఆరని రంగు దొరకినందున, సంధిని కరిగించు విద్య ఐరోపాలో నూతనముగ వికసించినది. కావున వర్ణమేళనమునకు ప్రాణము కుంచెయందు గాక తడియందున్నదని నా అభిప్రాయము. కంప్యూటరు తెరపై ఆ తడి లేదు. లేని తడిని లెక్కలలో కల్పించుటకు జరిగిన ప్రయత్నముల పరంపరయే స్మడ్జ్, బ్లెండ్ అను పేర్లతో నేడు మనము వాడుచున్న సాధనముల చరిత్ర.

లియొనార్డో డా విన్చీ పొగమంచువంటి ఛాయలకు ప్రసిద్ధుడు. ఆ పద్ధతినే స్ఫుమాటో అందురు. వాషింగ్టనులోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ నందున్న ‘జినెవ్రా దె బెంచీ’ పటముపై ఆయన వ్రేలిముద్ర నేటికిని కనబడుచున్నది. తడిరంగును ఆయన వ్రేలితోను అరచేతితోను అద్ది మెత్తబరచెనని విమర్శకుల ఊహ. అయితే ఆయన ఛాయలన్నియు వ్రేలిపని కావు. 2010లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఎక్స్ కిరణముల సాయముతో లూవ్రు సంగ్రహాలయములోని ఆయన పటములను పరీక్షించి, ముఖములపై గల ఛాయ అతిపలుచని పొరలమీద పొరలుగా ఏర్పడినదనియు, ఆ పొరలన్నియు కలిసినను 40 మైక్రోమీటర్ల మందమునకు మించవనియు తేల్చిరి. పులుముటయు, పొరలు పేర్చుటయు అను ఈ రెండు మార్గములు అప్పటినుండియు జంటగనే నడచుచున్నవి. పదునెనిమిదవ శతాబ్దమున వెనీసుకు చెందిన రొసాల్బా కారియెరా ప్రభృతులు పాస్టెల్ సుద్దలతో ముఖచిత్రములు వ్రాసినప్పుడు వ్రేలును, తోలుతోనో కాగితముతోనో గట్టిగ చుట్టి మొన తీర్చిన స్టంపును చిత్రకారుల చేతి పనిముట్లలో చేరియుండెను. పాస్టెల్ పొడికి తడి లేదు గదా యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. కాని అంటుకొని స్థిరపడక, తాకినంతనే కదలుటయే ఆ పొడికి తడి.

కంప్యూటరు చిత్రలేఖనమునకు ఆదిపర్వము 1973. ఆ యేట కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనాలయమున రిచర్డ్ షూప్ ‘సూపర్‌పెయింట్’ అను యంత్రమును పనిచేయించెను. దానియందు ఒక్కొక్క పిక్సెలునకు 8 బిట్లు. అనగా ఒక్కసారి తెరపై 256 రంగులు మాత్రమే. ఇంతకంటె పెద్ద చిక్కొకటి కలదు. ఆ పిక్సెలులో దాచబడినది రంగు కాదు, రంగుల పట్టికలోని వరుససంఖ్య. 10వ రంగును 20వ రంగును కలిపి సగము చేసినచో 15 వచ్చును; కాని పట్టికలో 15వ స్థానమున ఉన్నది ఆ రెంటికి నడిమి వన్నెయే యని నమ్మకమేమి? పట్టికను ముందుగనే వన్నెల క్రమమున అమర్చుకొన్నవానికి తప్ప అక్కడ మేళనము అర్థములేని మాట. షూప్ సహచరుడైన ఆల్వీ రే స్మిత్, పార్క్‌ను వీడి న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చేరిన పిదప, ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు తలా 8 బిట్ల చొప్పున 24 బిట్ల చిత్రలేఖన కార్యక్రమమును వ్రాసి ఈ ముడిని విప్పెను. అప్పుడే పిక్సెలునందు వర్ణమనదగినది చేరినది. అంచులు మెత్తగ కరగు కుంచెకు అవకాశము కలిగినది. అదే కాలమున స్మిత్, ఎడ్ కాట్మల్ అను వారు పారదర్శకతను కూడ పిక్సెలులో నిలువజేయు ఆల్ఫా అను నాలుగవ సంఖ్యను కల్పించిరి. దీని విలువ ముందు తెలియగలదు.

1981లో ఇంగ్లండునందు వెలువడిన క్వాంటెల్ పెయింట్‌బాక్స్ టెలివిజను సంస్థల కొరకు నిర్మింపబడిన ఖరీదైన యంత్రము. సామాన్యుని ఇంటికి వచ్చినవి వేరు. 1984లో బిల్ అట్కిన్‌సన్ వ్రాసిన మ్యాక్‌పెయింట్ నలుపు తెలుపులది. అందులో నడిమి వన్నెయే లేనప్పుడు పులుముటకేమి మిగిలినది? చిత్రకారులు మరల చుక్కల నేతనే ఆశ్రయించిరి. ఆ మరుసటి యేట అమీగా కంప్యూటరు కొరకు డాన్ సిల్వా రచించిన డీలక్స్ పెయింట్ కొద్దిపాటి రంగుల పట్టికతోనే స్మియర్, షేడ్, బ్లెండ్ అను విధానములను నడిపినది. పట్టికలో వన్నెల వరుసను కళాకారుడే నిర్ణయించి యిచ్చినచో, ఆ వరుసలో కుంచె మెట్టుమెట్టుగా జరుగును. ఆ పేదరికములో అంత చమత్కారము చూపిన సిల్వాను ఈ చరిత్రలో చాలమంది స్మరింపకుండుట నాకు అన్యాయముగ తోచుచున్నది.

1990లో థామస్ నోల్, జాన్ నోల్ సోదరుల ఫోటోషాప్ తొలి సంచిక వెలువడినది. దాని పనిముట్ల పెట్టెలో చూపుడువ్రేలి బొమ్మతో స్మడ్జ్ టూల్ ఉండెను. ఛాయాచిత్రములను సవరించుటకు పుట్టిన ఈ సాధనము చిత్రలేఖకుల చేతికి చిక్కి లోకప్రసిద్ధమైనది. దాని నడక తెలిసికొన్నచో తరువాతి కథ సులభమగును. కుంచె తెరపై మొదట ఆనినచోట ఉన్న రంగుల ముక్కను కార్యక్రమము తన జ్ఞాపకములోనికి తీసికొనును. కుంచె కొంచెము జరుగగనే ఆ ముక్కను క్రొత్తచోటి రంగుతో ఒక నిష్పత్తిలో కలిపి అచ్చట అద్దును. ఆ మిశ్రమమునే మరల తన వెంట తీసికొని పోవును. నిష్పత్తి 50 శాతమైనచో అయిదు అద్దులలో తొలిరంగు పాలు ముప్పదిరెండవ వంతుకు, అనగా ఇంచుమించు 3 శాతమునకు పడిపోవును. 90 శాతమైనచో అదే అయిదు అద్దుల పిమ్మట 59 శాతము మిగిలియుండును. కొద్దిపాటి తేడాతో ఒకచోట మెత్తని ఛాయయు, ఒకచోట పొడవైన తోకయు ఏర్పడుటకు ఇదే కారణము. అద్దులు ఎంత దగ్గరగ పడిన గీత అంత నునుపు, యంత్రమునకు అంత భారము. పెద్దకుంచెతో పులుమునప్పుడు తెరపై గీత చేతి వెనుకబడి వచ్చుటకు మూలమిదియే. ఇక ఖాళీ లేయరుపై పులిమినచో, శూన్యమునకు రంగులేదు గనుక, దానిని నలుపుగ లెక్కించిన కార్యక్రమములందు అంచున మసిపట్టినట్లు కనబడును. రంగును దాని ఆల్ఫాతో ముందే గుణించి కలుపవలెనను పద్ధతిని 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనువారు సుస్థిరముగ ప్రతిపాదించియుండిరి. పైని చెప్పిన నాలుగవ సంఖ్య ఇక్కడ అక్కరకు వచ్చినది.

ఈ వ్రేలు చేసిన మేలెంత యున్నదో కీడును అంతయున్నది. క్రొత్తగ నేర్చువాడు ముఖమంతయు దానితో రుద్ది, చర్మమును మైనముగ మార్చును. సంధికి మెత్తదనమెంత అవసరమో, ముక్కుదూలము, కనుబొమ్మ, దవడ అంచులకు కాఠిన్యమంత అవసరము. అందుచే అనుభవజ్ఞులు పలువురు స్మడ్జును అంచులకు పరిమితము చేసి, విశాలతలములపై ఐడ్రాపర్‌తో నడిమి వన్నెను ఎత్తి, పలుచని కుంచెతో పొరలు వేయుదురు. నేను వీరి పక్షమే.

మేళనమును వేరొక పనిముట్టుగ గాక కుంచె స్వభావముగనే చేయవలెనను ఆలోచన 1991లో మార్క్ జిమ్మర్, టామ్ హెడ్జెస్‌ల ఫ్రాక్టల్ డిజైన్ పెయింటర్‌తో బలపడినది. రంగుడబ్బాలో పెట్టి అమ్మిన ఆ కార్యక్రమము సుద్ద, నూనె, నీటిరంగుల ప్రవర్తనను అనుకరించినది. ఒత్తిడిని గ్రహించు వాకామ్ పలకలు దానికి చేదోడైనవి. తరువాత జపానునందు పెయింట్ టూల్ శాయి అనునది, చేతిలోని రంగును క్రిందిరంగుతో తనంతట కలుపుకొని పోవు తేలికయైన కుంచెతో, యువచిత్రకారులను ఆకర్షించెను. ఫోటోషాప్ 2010లో మిక్సర్ బ్రష్‌ను చేర్చినది. క్రిటా అను ఉచిత కార్యక్రమము ముక్కను ఈడ్చుకొనిపోవు స్మియరింగ్‌ను, ఒక్కచోటి వన్నెను మాత్రమే గ్రహించు డల్లింగ్‌ను విడదీసి రెండింటిని కళాకారుని చేతిలో పెట్టినది. 2011లో టాస్మానియా నుండి వచ్చిన ప్రొక్రియేట్ నందు గీయుట, పులుముట, చెరుపుట అను మూడు గుర్తులు పక్కపక్కననే నిలిచినవి; మరియు ఆ మూడింటికిని కుంచెల భాండారమొక్కటియే.

ఇంతవరకు కలిసినవి వర్ణములు కావు, కాంతి సంఖ్యలు. శుద్ధమైన నీలమును పసుపును సగపాళ్ల కలిపిన 128, 128, 128 అను బూడిదవన్నె వచ్చును. పళ్లెములోని రంగులు కలిపినవాడు ఆకుపచ్చనాశించును. ఎరుపు, ఆకుపచ్చల నడుమ వచ్చు మురికివన్నెకు కారణము వేరు. తెర సంఖ్యలు కాంతికి సమానుపాతములు కావు గనుక, నిజకాంతి లెక్కన 188 రావలసినచోట 128 వచ్చుచున్నది. వర్ణద్రవ్యము కాంతిని కొంత మ్రింగును, కొంత చెదరగొట్టును. ఈ రెంటిని కలిపి గణించు సమీకరణములను కుబెల్కా, మంక్ అను శాస్త్రజ్ఞులు 1931లోనే ఇచ్చియుండిరి. వానిని కుంచెవేగమునకు సరిపడ నడుపుట దుష్కరమగుటచే చిరకాలము అవి ప్రయోగశాలలకే పరిమితమైనవి. 2021లో చెక్ దేశపు పరిశోధకులు షార్కా సొఖొరొవా, ఒంద్రే యమ్రిష్కా ప్రతి తెరరంగును తెలుపు, పసుపు, మెజెంటా, నీలము అను నాలుగు వర్ణద్రవ్యముల పాళ్లుగా విడదీసి, పాళ్లను కలిపి, మరల తెరరంగుగ మార్చు ఉపాయమును ప్రకటించిరి. మిక్స్‌బాక్స్ అను ఆ పద్ధతిని రెబెల్ అను చిత్రలేఖన కార్యక్రమము అనతికాలముననే స్వీకరించినది; నీలముపై పసుపును పులిమిన నేడక్కడ ఆకుపచ్చ వచ్చుచున్నది.